30 యాక్టు ఉందంటే నడవొద్దని కాదు

ప్రశ్న:

వకీలు సారుకు నమస్తే. మాది నల్లగొండ జిల్లాలో, మండల కేంద్రానికి ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంలో పోసి ఇరవై రోజులు దాటింది. తేమ చూశారు కానీ కాంటాలు సగం మందికే అయ్యాయి. కాంటా అయిన బస్తాలు కూడా లారీలు రాక అక్కడే పడి ఉన్నాయి. మిల్లుకు పోయినంక తాలు ఉందని బస్తాకు ఇంతని తరుగు తీస్తున్నారు. తహసీల్దారుకు రెండుసార్లు చెప్పి చూశాం. ఇక లాభం లేదని, నూటయాభై మంది రైతులం ఊరి నుంచి మండల కేంద్రం దాకా నడిచిపోయి, ఆఫీసు ముందు గంటసేపు కూర్చుని వినతిపత్రం ఇద్దామనుకున్నాం. ఆ సంగతి వాట్సాప్ గ్రూపులో పెట్టిన రాత్రే స్టేషన్ నుంచి మా నాన్నకు ఫోన్ వచ్చింది. "జిల్లాలో 30 యాక్టు నడుస్తోంది. మీవాడు కదిలితే బైండోవర్ చేస్తాం, తర్వాత నౌకరీ రాదు" అన్నారట. నేను గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నా. మా నాన్న టెన్షన్‌తో సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. ఊళ్లో కొందరేమో పర్మిషన్ లేదు ఏం లేదు, హైవే మీద వడ్లు పోసి రాస్తారోకో చేస్తే వాళ్లే దిగొస్తారంటున్నారు. నడిచిపోవడానికి కూడా పోలీసుల అనుమతి కావాలా? అడిగితే ఇస్తారా? ఇవ్వకపోతే ఏం చేయాలి?

– ఒక యువ రైతు, నల్లగొండ జిల్లా

సమాధానం:

తమ్ముడూ, ముందు మీ నాన్నను కూర్చోబెట్టి ఈ ముక్క చదివి వినిపించు. పండించిన వడ్లు కొనమని నూటయాభై మంది రైతులు ఒట్టి చేతులతో నడిచిపోయి వినతిపత్రం ఇవ్వడం నేరం కాదు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో రాసి ఉంది. మాట్లాడే హక్కు పక్కనే దాన్నీ రాశారు. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, ప్రజాశాంతి కోసం ఆ హక్కు మీద సర్కారు పరిమితులు పెట్టవచ్చు. అవి కూడా సహేతుకంగా ఉండాలని అదే అధికరణం చెప్తుంది.

ఇక నీకు చేసిన ఫోన్ సంగతి. మన జిల్లాల్లో ఈ '30 యాక్టు' మాట పేపర్లో వస్తూనే ఉంటుంది. "జిల్లావ్యాప్తంగా నెల రోజుల పాటు 30, 30-ఎ పోలీసు యాక్టు అమలు, డీఎస్పీ ఆపై అధికారుల అనుమతి లేకుండా ధర్నాలు, ర్యాలీలు, సభలు పెట్టరాదు" అని ఎస్పీ ఆఫీసు నుంచి ప్రకటన వస్తుంది. నెల గడవగానే మళ్లీ ఇంకోటి. అలా చదివీ చదివీ జనానికి 30 యాక్టు అంటే కర్ఫ్యూ లాంటిదన్న అభిప్రాయం పడిపోయింది. కింది స్థాయి పోలీసుల్లో కూడా కొందరు అదే అనుకుంటారు. అది నిజం కాదు.

30 యాక్టు అని వేరే చట్టమేదీ లేదు. 1861 నాటి పోలీసు చట్టంలో 30వ సెక్షన్ అది. సిపాయిల తిరుగుబాటు లేచిన నాలుగేళ్లకు తెల్లదొరలు చేసుకున్న చట్టం. అంత పాత చట్టంలో కూడా ఆ సెక్షన్ ఊరేగింపులు వద్దని చెప్పలేదు. రోడ్ల మీద సభలు, ఊరేగింపులు ఏ దారిన పోవాలో, ఏ సమయంలో జరగాలో పోలీసు అధికారి నిర్దేశించవచ్చు అంది. అదుపు లేకుండా వదిలేస్తే శాంతిభంగం జరుగుతుందని అనిపించినప్పుడు, పెట్టేవాళ్లను లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకోమని నోటీసు ఇవ్వవచ్చు అంది. దరఖాస్తు వచ్చాక ఎవరి పేరు మీద ఇస్తున్నారో, ఏ షరతులతో ఇస్తున్నారో రాసి లైసెన్సు ఇవ్వాలి. దానికి రుసుము తీసుకోకూడదని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. కాబట్టి నీ మొదటి ప్రశ్నకు జవాబు ఇది: ఆ ప్రకటన అమల్లో ఉంటే అనుమతికి దరఖాస్తు పెట్టాలి, పెట్టు. "30 యాక్టు ఉంది కాబట్టి పోవద్దు" అంటే మాత్రం ఒప్పుకోనక్కర్లేదు. దరఖాస్తు పెట్టుకొని పొమ్మని చెప్పే సెక్షనే అది.

సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1972లోనే ఈ సంగతి తేల్చింది. అహ్మదాబాద్‌లో విద్యార్థుల సమస్య మీద రోడ్డు పక్కన సభ పెట్టుకుంటామని హిమ్మత్‌లాల్ షా అనే ఆయన అడిగితే పోలీసులు కుదరదన్నారు. దాని మీద నడిచిన కేసు అది. రోడ్ల మీద సభలను క్రమబద్ధం చేసే అధికారం సర్కారుకు ఉంది కానీ, ఏ దారీ పద్ధతీ లేకుండా ఇష్టముంటే ఇస్తాం లేకుంటే లేదు అనే అధికారం పోలీసు అధికారికి ఇవ్వడం చెల్లదని తీర్పు చెప్పారు. ఈ మధ్య కాలంలో చూస్తే, పక్క రాష్ట్రంలో కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తర్వాత 2023 జనవరిలో రోడ్ల మీద సభలను దాదాపుగా ఆపేస్తూ జీవో నంబరు 1 తెచ్చారు. అది కూడా ఈ 1861 చట్టాన్ని ఆధారం చేసుకునే. అదే ఏడాది మే 12న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు మన హైకోర్టును కట్టిపడేయదు కానీ, మన వకీళ్లు వాదనలో చూపించుకోవడానికి గట్టిగా పనికొస్తుంది.

ఇక్కడ ఒక పాత మాట చెప్పకుండా ఉండలేను. సభ పెట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలన్న నిబంధన మన తాతలను కూడా సతాయించింది. నిజాం రాజ్యంలో 'గస్తీ నిషాన్ 53' అని ఒక ఉత్తర్వు ఉండేది. సర్కారు అనుమతి లేనిదే సభ జరగడానికి లేదు. ఆ రోజుల్లోనే 1931లో మన దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ రెండో సభలు జరిగాయి. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా పోతున్న జనం మీద దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చితే దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉండేది. నడిచిపోయి గోడు చెప్పుకునే హక్కుకు ఈ నేల ఎంత ధర కట్టిందో మీ ఊళ్లో ముసలివాళ్లను అడిగితే చెప్తారు. నాకు ఈ విషయంలో పట్టింపు ఎక్కువ ఉండడానికి ఇదే కారణం.

సరే, పనిలోకి వద్దాం. నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టే తిరుగుతుంది. నోటి మాట మీద బయల్దేరొద్దు, నోటి మాట మీద ఆగిపోవద్దు. కాయితం ఇచ్చి, ముట్టినట్టు కాయితం తీసుకో.

ఈ మాట పుస్తకంలో చదివి చెప్పడం లేదు. వకాలత్ మొదలుపెట్టిన కొత్తలో, పాలమూరు వైపు ఒక చిన్న పట్టణంలో తాగునీళ్ల కోసం ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఊరేగింపు పెట్టుకున్నారు. ముందురోజు స్టేషన్‌కు పోయి చెప్తే, "మంచిది, లొల్లి లేకుండా పోయి రండి" అన్నారు. మేమూ అదే అనుమతి అనుకున్నాం. తెల్లారి చౌరస్తాలోకి రాగానే వేరే అధికారి వచ్చి, "ఎవరిచ్చారు పర్మిషన్? కాయితం చూపించు" అన్నాడు. చూపించడానికి మా దగ్గర ఏముంది? ముందురోజు మంచిది అన్నాయన అక్కడే నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. పదకొండు మంది మీద కేసు పెట్టారు. అందులో ఒకామె చంకలో పిల్లతో కోర్టుకు వచ్చేది. పిల్ల నడక నేర్చి, బడికి పోయే వయసు వచ్చాక గానీ ఆ కేసు కొట్టేయలేదు. వాయిదా ఉన్న రోజల్లా ఆమెకు కూలి పోయినట్టే. మరుసటి ఎండాకాలం మళ్లీ ఊరేగింపు పెట్టినప్పుడు, ఊదారంగు స్టాంపు పడ్డ నకలు మడిచి నా చొక్కా జేబులో పెట్టుకొని ముందు నడిచాను. అదే చౌరస్తాలో ఆపి అడిగారు. తీసి చూపించాను. జీపు పక్కకు జరిగింది.

దరఖాస్తు ఎలా రాయాలో చెప్తా. డీఎస్పీ పేరు మీద రాయి. ప్రతులు మీ ఎస్సైకి, తహసీల్దారుకు పంపు. తెల్ల కాయితం చాలు, తెలుగులో రాస్తే చాలు. ఎందుకు నడుస్తున్నారో రెండు వాక్యాల్లో పెట్టు: "కొనుగోలు కేంద్రంలో పోసిన వడ్లు ఇరవై రోజులు దాటినా తూకం కాలేదు, తరుగు ఆపాలని తహసీల్దారు గారికి వినతిపత్రం ఇవ్వడానికి పోతున్నాము." తర్వాత తేదీ, బయల్దేరే సమయం, ముగిసే సమయం. దారి మాత్రం వివరంగా రాయి. ఊళ్లో బొడ్రాయి దగ్గర మొదలై, ఏ రోడ్డున, ఏ స్టేజీ మీదుగా, ఎక్కడ మలుపు తిరిగి ఆఫీసు ముందుకు వస్తారో ఊరి పేర్లతో సహా ఉండాలి. రోడ్డుకు ఎడమ పక్కన ఇద్దరిద్దరుగా నడుస్తామని రాయి. ఎంతమంది వస్తారో నిజం రాయి. వెయ్యిమంది అని గొప్పగా రాస్తే బందోబస్తు చాలదని అదే కారణంగా చూపించి కాదంటారు. యాభై అని తగ్గించి రాసి రెండు వందల మంది వస్తే షరతు మీరినట్టవుతుంది. మైకు పెడితే దానికి అనుమతి వేరేగా అడగాలి. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి తప్పనిసరి, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా వాడనే కూడదు. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల దాకా నిశ్శబ్ద ప్రాంతాలుగా పెడతారు, అలాంటి చోటు దారిలో ఉంటే అక్కడ మైకు ఆపేస్తామని నువ్వే ముందుగా రాయి. నా సలహా అడిగితే మైకే వద్దు. డప్పులకైనా, నినాదాలకైనా ముందు ఆ అధికారికి చెప్పి ఉంచితే చాలు.

బాధ్యత తీసుకునేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు నలుగురైదుగురివి ఇవ్వు. ఇరవై మందికి ఒకరు చొప్పున వాలంటీర్లను పెట్టి, చేతికి ఒకే రంగు గుడ్డ కట్టండి. ఇది పోలీసుల కోసం మాత్రమే కాదు. బయటివాడెవడో దూరి రాయి విసిరితే వాడు మావాడు కాదని చెప్పడానికి మీకు ఇంకో ఆధారం ఉండదు. ఎవరైనా సెల్‌ఫోన్‌లో మొదటినుంచి చివరిదాకా వీడియో తీయండి.

చట్టంలో ఇన్ని రోజుల ముందు ఇవ్వాలని గడువు రాయలేదు. అయినా కనీసం వారం ముందు ఇవ్వు. రేపు ర్యాలీ ఉందనగా ఈరోజు సాయంత్రం ఇచ్చి, రాలేదని కోర్టుకు పోతే ఏ జడ్జీ మెచ్చుకోడు. ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకుపో. ఒకదాని మీద తేదీ, స్టాంపు, సంతకం వేయించుకో, ఇన్‌వర్డ్ నంబరు రాయించుకో. "సారు లేరు, పెట్టి పో" అంటే పెట్టి రావొద్దు. స్టాంపు వేయమంటే వేయరు అనుకో, గొడవ పడకుండా నేరుగా పోస్టాఫీసుకు పోయి స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకో. ఆఫీసు ఈమెయిల్ ఉంటే దానికి కూడా పంపు. ఎన్నికల కోడ్ ఉన్న రోజులైతే ఎన్నికల అధికారుల నుంచి కూడా అనుమతి తీసుకోవాల్సి ఉంటుంది, అది కనుక్కో.

అనుమతి కాయితం వస్తే అందులో షరతులు ఉంటాయి. వాటిని ఊళ్లో అందరికీ చదివి వినిపించు. ఎందుకంటే 30-ఎ ఉన్నది షరతులు మీరినప్పటి కోసమే. షరతులకు విరుద్ధంగా పోతున్న ఊరేగింపును అధికారి ఆపి, విడిపొమ్మని ఆదేశించవచ్చు. ఆదేశించాక కూడా కదలకపోతే అప్పుడు అది చట్టవిరుద్ధ గుంపు కింద లెక్క. కాబట్టి విడిపొమ్మంటే, అది తప్పుడు ఆదేశమే అయినా సరే, రోడ్డు మీద తేల్చుకోవద్దు. లేచి, ఎవరు ఆదేశించారో, ఎన్ని గంటలకో రాసుకొని, ఇంటికి రండి. మిగతాది కోర్టులో మాట్లాడొచ్చు.

అడిగితే ఇస్తారా అన్నావు. చాలాసార్లు ఇస్తారు. కాదనాలంటే కారణం రాసి ఇమ్మని అడుగు. రాసివ్వకుండా నాన్చితే, లేదా ఏదో కారణం చెప్పి కాదంటే, హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్, అంటే హక్కు కాపాడమని నేరుగా హైకోర్టుకు పెట్టుకునే పిటిషన్, వేయాలి. ఇది మన దగ్గర కొత్తేమీ కాదు. 2025 జనవరిలో మన నల్లగొండలోనే బీఆర్ఎస్ పార్టీ క్లాక్ టవర్ దగ్గర రైతు మహాధర్నా పెడతామంటే పోలీసులు అనుమతి ఇవ్వలేదు. వాళ్లు హైకోర్టుకు పోయారు. కోర్టు షరతులు పెట్టి అనుమతించింది, జనవరి 28న ధర్నా జరిగింది. అంతకుముందు ఆ పార్టీ అధికారంలో ఉన్నప్పుడు మిగతా పార్టీలవాళ్లు పాదయాత్రల కోసం ఇదే హైకోర్టు తలుపు తట్టి ఇలాగే అనుమతులు తెచ్చుకున్నారు. కుర్చీలో ఎవరున్నా ఇదే వరస. నాకు ఇందులో బాధ కలిగించేది ఏమిటంటే, పార్టీకి హైదరాబాద్‌లో వకీళ్లు ఉంటారు, పొద్దున కాదంటే మధ్యాహ్నానికి లంచ్ మోషన్ పిటిషన్ వేయగలరు. వడ్ల కుప్ప దగ్గర కాపలా పడుకున్న రైతు అంత తొందరగా హైకోర్టుకు ఎట్లా పోతాడు?

దానికీ ఒక దారి ఉంది. మీ జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా చెప్తారు. హైకోర్టుకు కూడా ఇలాంటి న్యాయ సేవల కమిటీ ఉంది. మీ ఊళ్లో పొలం తన పేరు మీద ఉన్న ఆడమనిషి ఒకరు దరఖాస్తుదారుల్లో ఉంటే ఈ పని సులువవుతుంది. ఆమె పేరు అలంకారానికి పెట్టడం కాదు. కొనుగోలు కేంద్రంలో వడ్లు ఎత్తిపోసి, తూర్పారబట్టి, రాత్రి పట్టాలు కప్పేది ఎక్కువగా వాళ్లే కదా.

163వ సెక్షన్ పెట్టారంటే మాత్రం సంగతి వేరు. పాత 144వ సెక్షన్‌కే 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త నంబరు అది. మేజిస్ట్రేటు అధికారం ఉన్న అధికారి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తేనే అది ఉన్నట్టు. మామూలుగా రెండు నెలలకు మించి ఉండదు. అది ఉన్న చోట నిషేధం నిషేధమే, మీరి పోవద్దు. ఉత్తర్వు నకలు అడుగు, మార్చమని అదే అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. న్యాయంగా అభిప్రాయం చెప్పుకోవడాన్ని అణచడానికి ఈ సెక్షన్ వాడకూడదని సుప్రీంకోర్టు 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో చెప్పింది. ఫోన్‌లో ఎవరైనా "144 ఉంది" అంటే, ఏ తేదీ ఉత్తర్వు, ఎవరిచ్చారు అని మర్యాదగా అడుగు.

ఇప్పుడు బైండోవర్. మీ నాన్నను భయపెట్టింది ఈ మాటే. బైండోవర్ అంటే శిక్ష కాదు, నేరం రుజువైనట్టు కాదు. ఫలానా మనిషి వల్ల శాంతిభంగం జరిగే ప్రమాదం ఉందని పోలీసులు నివేదిస్తే, మన దగ్గర సాధారణంగా తహసీల్దారు, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో, ఏడాదికి మించని కాలానికి పూచీకత్తు ఎందుకు తీసుకోకూడదో చెప్పమని అడుగుతారు. అడిగేటప్పుడు నీ మీద వచ్చిన సమాచారం ఏమిటో రాసి ఇవ్వాలి. నీ జవాబు వినాలి, విచారణ చేయాలి. స్టేషన్‌కు పిలిచి తెల్ల కాయితం మీద సంతకం పెట్టమంటే అది బైండోవర్ కాదు, పెట్టొద్దు. ముందస్తు అరెస్టు కూడా అంతే. వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం చేయబోతున్నాడని తెలిసి, ఇంకో విధంగా ఆపలేమనుకున్నప్పుడే చేయాలి, 24 గంటలకు మించి ఉంచుకోకూడదు. వినతిపత్రం ఇవ్వబోవడం అలాంటి నేరం కాదు. ర్యాలీ రోజు తెల్లవారుజామున ఇంటి ముందు ఇద్దరు కానిస్టేబుళ్లను కూర్చోబెట్టి 'హౌస్ అరెస్టు' అంటుంటారు. ఆ మాట ముందస్తు అరెస్టు సెక్షన్లో ఎక్కడా లేదు. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి.

నౌకరీ సంగతి దాచకుండా చెప్తా. కేసు అయితే ఇబ్బంది ఉండదని నేను అనను. పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది, వివరణ ఇచ్చుకోవాలి, అది చికాకే. పోలీసు ఉద్యోగాలకు ఇంకొంచెం గట్టిగా చూస్తారు. అయితే కేసు ఉండడం కన్నా ఫారంలో దాన్ని దాచడం పెద్ద తప్పు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం మీదే మార్గదర్శకాలు ఇచ్చింది. చిన్న వయసులో నినాదాలు ఇచ్చినందుకు పడ్డ కేసును చిన్న నేరానికి ఉదాహరణగా చూపించి, అలాంటివి దాచినా యజమాని తన విచక్షణతో వదిలేయవచ్చని చెప్పింది. నువ్వు దాచే దాకా తెచ్చుకోవద్దు. అనుమతి తీసుకొని నడిస్తే అసలు రాయాల్సిందే ఉండదు. నిజానికి 30వ సెక్షన్ కింద ఇచ్చిన షరతు మీరితే ఆ చట్టంలో ఉన్న శిక్ష 200 రూపాయల దాకా జరిమానా. నిన్ను ఇబ్బంది పెట్టగలిగే కేసులు వేరే ఉన్నాయి, అవి హైవే మీద పుడతాయి.

అందుకే ఆ రాస్తారోకో ఆలోచనను మీరంతా కూర్చుని మానుకోండి. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. ఇరవై రోజులు కుప్ప దగ్గర పడుకున్నవాడికి ఏ లారీ ఆగినా పర్వాలేదనిపిస్తుంది. కానీ జాతీయ రహదారిని నడవడానికి వీల్లేకుండా, ప్రమాదకరంగా చేస్తే జాతీయ రహదారుల చట్టం 8-బి సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. దారి ఆపినందుకు, అడ్డగించినందుకు వేరే సెక్షన్లు. నిరసన హక్కు ఉన్నా, ప్రజల దారిని ఆక్రమించి కూర్చోవడం కుదరదని సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో ఢిల్లీ షాహీన్‌బాగ్ రోడ్డు ధర్నా విషయంలో చెప్పింది. చట్టం పక్కన పెట్టు. రోడ్డు మీద పోసిన వడ్ల మీద రాత్రిపూట బండి జారితే ఏమవుతుందో మన పల్లెల్లో తెలియనివారు లేరు. ఆగిపోయిన వాహనాల్లో నల్లగొండ ఆస్పత్రికి పోతున్న కాన్పు మనిషి ఉండొచ్చు. మీ గోడు వినాల్సిన తహసీల్దారు, పౌరసరఫరాల అధికారి, మిల్లరు ముగ్గురూ ఆ రోడ్డు మీద ఉండరు.

ఇంకో గట్టి మాట. నడవలేనివాళ్లను ట్రాక్టర్ ట్రాలీల్లో ఎక్కించి తీసుకుపోవద్దు. 2018లో పీఏ పల్లి మండలంలో, మళ్లీ వేములకొండ దగ్గర ట్రాక్టర్లు కాలువల్లో పడి కూలిపనికి పోతున్న ఆడవాళ్లు ఎంతమంది పోయారో మీకు చెప్పనవసరం లేదు. ట్రాలీలో మనుషులను ఎక్కించడం చట్టవిరుద్ధం, ప్రమాదం జరిగితే బీమా కూడా చిక్కే. ముసలివాళ్లు ఆర్టీసీ బస్సులోనో ఆటోలోనో నేరుగా ఆఫీసు దగ్గరికి రానివ్వండి. ఎండ ముదరకముందే ఆరున్నరకల్లా బయల్దేరితే ఏడు కిలోమీటర్లు తొమ్మిదిలోపు వచ్చేస్తారు. ఆఫీసు తెరిచేదాకా నీడలో కూర్చోవచ్చు. మంచినీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆటోలో వెనకాల రావాలి.

వినతిపత్రం కూడా నినాదాల లాగా రాయొద్దు. ఒక్కో రైతు పేరు, ఎప్పుడు కేంద్రానికి తెచ్చాడు, తేమ ఎంత వచ్చింది, ఎన్ని బస్తాలు కాంటా అయ్యాయి, మిల్లులో ఎంత తరుగు తీశారు, ట్రక్ షీట్ ఇచ్చారా లేదా, ఇవన్నీ ఒక పట్టికగా రాసి జత చేయండి. తూకం చీటీల జిరాక్సులు పెట్టండి. దాని మీద కూడా ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి. అదే పట్టిక నకలు ఇంకోటి సోమవారం ప్రజావాణిలో కలెక్టరేట్‌లో ఇవ్వండి. దానికి ఐదుగురు పోతే చాలు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ర్యాలీ అనుమతి కోసం ఎదురుచూస్తూ ఈ పని ఆపొద్దు.

దరఖాస్తు ఇవ్వడానికి డీఎస్పీ ఆఫీసుకు పోయేటప్పుడు మీ నాన్నను వెంట తీసుకుపో. సంతకాల్లో మొదటిది ఆయనది పెట్టించు. వడ్లు ఆయనవి, ఫోన్ వచ్చిందీ ఆయనకే. స్టాంపు పడ్డ కాయితం ఆయన చేతికే ఇవ్వు.

అన్నట్టు, నూటయాభై మందీ ఒకేసారి కదిలితే కేంద్రం దగ్గర ఎవరుంటారు? మధ్యాహ్నం పూట మబ్బు పట్టి గాలివాన వచ్చే రోజులివి. కుప్పల మీద పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి, పదిమంది వయసు పిల్లలను కాపలా ఉంచి బయల్దేరండి.